ఖాళీ వేళల పని

మా అమ్మాయికి పదమూడేళ్ళు. రెండేళ్ళ క్రితం చలికాలం సెలవుల్లో క్రోషె అల్లిక నేర్చుకుంది. జుట్టు బ్యాండ్ల చుట్టూ లేసు, గౌనులకి కాలర్లు, చెవులకి దారపు లోలకులు, ఇలా ఏదో ఒకటి అల్లుతూనే ఉంటుంది. కిందటేడు స్కూల్లో పెట్టిన చిన్న సంతలో ఒక్కో బ్యాండు ఎనిమిది డాలర్లకి అమ్మి వచ్చింది. ఇక్కడ దీన్ని హాబీ అంటారు.

ఆ వేసవిలో మా అమ్మ ఇండియా నుంచి వచ్చింది. సోఫాలో ఉన్న సగం అల్లిన కాలరు చేతిలోకి తీసుకుని, "ఇది మన లేసు పనే కదరా!" అంది. కళ్ళజోడు కూడా పెట్టుకోకుండా, టీవీలో సీరియల్ చూస్తూనే మిగతా సగం పూర్తి చేసేసింది. మా అమ్మాయి నోరు వెళ్ళబెట్టి, "నానమ్మా, ఇది నీ హాబీయా?" అని అడిగింది. అమ్మ నవ్వి, "హాబీయో ఏమో తల్లీ, ఖాళీగా కూర్చోలేక అల్లేదాన్ని" అంది.

మాది మొగల్తూరు దగ్గర పల్లె. ఆ "ఖాళీగా" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఆ మాట వెనక దాదాపు నూట ఎనభై ఏళ్ళ చరిత్ర ఉంది.

గోదావరి డెల్టాకి దూరదేశాల వర్తకం కొత్తది కాదు. నరసాపురం పక్కనున్న మాధవాయపాలెంలో ఈస్టిండియా కంపెనీ వారి గిడ్డంగి ఉండేది. అక్కడి నూలుగుడ్డ ఇంగ్లండులో ఆ ఊరిపేరు మీదే మడపోలం అని చెలామణి అయింది. లేసు మాత్రం తరువాతి కాలపు సంగతి. 1836లో ఇంగ్లండు నుంచి బౌడెన్, బీర్ అనే మిషనరీలు కుటుంబాలతో వచ్చి నరసాపురం, పాలకొల్లు ప్రాంతంలో స్థిరపడ్డారు. 1844 ప్రాంతంలో స్కాట్లండు నుంచి వచ్చిన మెక్రే దంపతులు గోదావరి జిల్లాలో ఆడవాళ్ళకి లేసు అల్లిక నేర్పించారని చెబుతారు. మొదట నేర్చుకున్నవారిలో ఎక్కువమంది కొత్తగా క్రైస్తవం పుచ్చుకున్న పేద దళిత స్త్రీలు.

ఇంచుమించు అదే సమయంలో ఐర్లండులోనూ ఇలాంటిదే జరిగింది. 1845లో బంగాళాదుంప పంటకి తెగులు సోకి అక్కడ మహాక్షామం మొదలైంది. కాన్వెంటు సన్యాసినులు, ఊళ్ళలోని కాస్త కలిగిన ఇళ్ళ స్త్రీలు పేదలకి క్రోషె నేర్పి, ఆ లేసుని ఇంగ్లండులో అమ్మించారు. ఒక సూది, ఒక దారపు ఉండ ఉంటే చాలు, మగ్గం అక్కర్లేదు, పెట్టుబడి అక్కర్లేదు. ఆకలి ఉన్నచోటికి ఈ విద్య అందుకే అంత తేలిగ్గా వెళ్ళింది.

మన దగ్గర 1900 తరువాత ఇది పూర్తిగా వ్యాపారమైంది. ఇల్లు కదిలి కూలికి వెళ్ళడం మర్యాద కాదనుకునే కుటుంబాల స్త్రీలు కూడా, ముఖ్యంగా కాపు కుటుంబాల వారు, పెద్దసంఖ్యలో లేసు సూది పట్టారు. ఎగుమతిదారు దారం కొని ఏజెంటుకి ఇస్తాడు. ఏజెంటు ఊరూరా తిరిగి ఇళ్ళలో పంచుతాడు. ఒకామె పువ్వులు అల్లుతుంది, ఇంకొకామె వాటిని అతుకుతుంది. బల్లమీద పరిచే గుడ్డలు, దుప్పట్లు, కాలర్లు తయారై ఐరోపా, ఆస్ట్రేలియా, అమెరికా వెళ్ళేవి. అల్లినామెకి అవి ఏ దేశం వెళుతున్నాయో తెలియదు, ఎంతకి అమ్ముడుపోతున్నాయో అసలే తెలియదు.

1978-79లో మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త నరసాపురం ప్రాంతంలో ఉండి ఈ స్త్రీలతో మాట్లాడింది. ఆమె రాసిన పుస్తకం 1982లో లండన్‌లో అచ్చయింది. వీళ్ళు ఇంటి చాకిరీ కాక రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లేవారు. రోజుకి రూపాయి కూడా గిట్టుబాటయ్యేది కాదు. వ్యవసాయ కూలీ స్త్రీలకి ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనంలో అది మూడోవంతు కూడా కాదు. అయినా లక్షకి పైగా స్త్రీలు చేస్తున్న ఈ పని జనాభా లెక్కల్లో సరిగ్గా కనపడలేదు. వీళ్ళని అందరూ గృహిణులనే అన్నారు, వీళ్ళూ అలాగే చెప్పుకున్నారు. పని చేస్తున్నది తీరిక వేళల్లో అన్నాక ఇక కూలి అడిగేదేముంది? ఎంతిస్తే అంతే. అంత చవగ్గా పని దొరకడానికి ఆ "ఖాళీ" అన్న మాటే ఆధారమని మీస్ వాదన.

ఇంజనీరుని కాబట్టి ఇంకో సంగతి కూడా చెప్పాలి. స్వెట్టరు అల్లే యంత్రాలున్నాయి, మెషీన్ లేసు ఉంది, కానీ చేతి క్రోషెని అచ్చంగా చేసే యంత్రం ఫ్యాక్టరీల్లోకి ఇప్పటికీ రాలేదు. స్వెట్టరు అల్లికలో ఒక వరుస ముడులన్నీ సూదులమీదే వరసగా ఉంటాయి కనుక యంత్రానికి తేలిక. క్రోషెలో ఒక్కో ముడి అప్పటికప్పుడే పూర్తవుతుంది, పైగా తరువాతి ముడికోసం సూది అల్లికలో ఎక్కడైనా దూరవచ్చు. ఎక్కడ దూరాలో చూసేది కన్ను, తేల్చేది వేలు. దుకాణాల్లో మెషీన్ మీద వచ్చే క్రోషె లాంటి అంచు చాలావరకు వేరే రకం అల్లిక. నిజమైన క్రోషె పువ్వు ఏ దుకాణంలో కనపడినా, దాని వెనక ఎక్కడో ఒక మనిషి చెయ్యి ఉన్నట్టే.

ఈ లెక్క మా ఇంట్లోనే తేలింది. మా అమ్మాయి ఫోనులో టైమరు పెట్టి చూసింది. ఒక బ్యాండుకి గంటా నలభై నిమిషాలు పట్టింది. "నానమ్మా, నీకు గంటకి ఎంత ఇచ్చేవాళ్ళు?" అని అడిగింది. అమ్మకి ప్రశ్న అర్థం కాలేదు. "గంటకేంటే? దారాన్ని బట్టి ఇచ్చేవాళ్ళు. ఎంత దారం అల్లితే అంత" అంది. ఆ పద్ధతిలో కిటుకంతా అక్కడే ఉందని నాకప్పుడు అర్థమైంది. దారం కొలిస్తే గంటలు ఎవరి లెక్కలోకీ రావు.

1997లో నా ఎంసెట్ కోచింగ్ ఫీజులో కొంత, ఆ తరువాత హాస్టల్ డబ్బులో కొంత ఆ దారంలోంచే వచ్చాయి. మా ఇంట్లో నా చదువు గురించి మాట్లాడినప్పుడల్లా నాన్న అమ్మిన అరెకరం పొలం ప్రస్తావన వస్తుంది. అది న్యాయమే. కానీ లేసు ప్రస్తావన ఇంతవరకు ఒక్కసారి కూడా రాలేదు. అమ్మ కూడా ఎత్తలేదు.

2024లో నరసాపురం క్రోషె లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషించాల్సిన విషయమే. ఊరిపేరుకి విలువ కట్టారు. అల్లిన గంటకి కూడా విలువ కడితే ఆ గుర్తింపు నిండుగా ఉంటుంది.

మా అమ్మాయి ఇష్టంతో అల్లుతోంది, బోరు కొడితే పక్కన పడేస్తుంది. అది హాబీ. అమ్మ కూడా ఇష్టంగానే అల్లి ఉండవచ్చు, కానీ పక్కన పడేసే వీలు ఆమెకి లేదు. ఒకే సూది, ఒకే ముడి, తేడా అంతా అక్కడుంది.

అమ్మ వీసా దరఖాస్తు నింపింది నేనే. వృత్తి అన్నచోట ఏమాత్రం ఆలోచించకుండా "గృహిణి" అని కొట్టాను. ఆనాటి జనాభా లెక్కలవారు చేసిన పొరపాటే నేనూ చేశాను. మీ ఇంట్లో పెట్టె అడుగున అమ్మమ్మదో నాయనమ్మదో లేసు గుడ్డ ఒకటి ఉంటే, ఈసారి ఫోను చేసినప్పుడు అది ఎవరు అల్లారో, ఎన్నాళ్ళు పట్టిందో అడగండి. అడగడానికి ఆవిడ ఉన్నప్పుడే అడగండి.