ఇంతెండకీ ఇన్నేనా నీళ్లు?

మధ్యాహ్నం ఒంటిగంట. విశాఖ వన్‌టౌన్‌లో ఓ పాత మేడ డాబా మీద ఉన్నారు మీరు. చెప్పులు విడిస్తే కాళ్లు బొబ్బలెక్కుతాయి. ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని పక్కనుంచి రేవులోకి వస్తున్న ఓడ. మీ ముందు, ఎండతో ఉప్పునీటిని మంచినీరు చేసే చదరపు మీటరు పెట్టె: నల్లరంగు వేసిన ట్రే, అందులో ఆర్కే బీచ్ నుంచి మోసుకొచ్చిన సముద్రపు నీళ్లు, పైన ఏటవాలుగా అద్దం. (ఫిషింగ్ హార్బర్ నీళ్లు మాత్రం తేకండి. డీజిల్ వాసన ఆవిరితో పాటే అద్దానికెక్కుతుంది.) అద్దం లోపల పట్టిన చెమ్మ జారి, కింది కాలువలోంచి సీసాలోకి చుక్కచుక్కగా పడుతోంది. పొద్దుటినుంచీ లీటరు కూడా నిండలేదు.

"ఏటి బాబూ, ఇంతెండకీ ఇన్నేనా నీళ్లు?" పక్క డాబా మీద వడియాలు పెడుతున్న ముసలమ్మ అడిగింది.

న్యాయమైన ప్రశ్నే. మంచి ఎండరోజున చదరపు మీటరుకు 5, 6 యూనిట్ల (కిలోవాట్ అవర్ల) వేడి దిగుతుంది. లీటరు నీరు ఆవిరి కావడానికి ముప్పాతిక యూనిట్ కూడా పట్టదు. లెక్క ప్రకారం 7, 8 లీటర్లు రావాలి. మామూలు పెట్టె ఇచ్చేది 2 నుంచి 4. మిగతా వేడి ఎటు పోతోంది?

అద్దం అంచు వెంబడి చెయ్యి పోనివ్వండి. ఇదిగో, ఈ మూల వేలికి వెచ్చగా తగిలింది. సీలెంటు ఊడింది, ఆవిరి అటే పోతోంది. ట్రేలో స్కేలు ముంచండి: 8 సెంటీమీటర్లు! అంత నీరు కాగేసరికి పొద్దు వాలుతుంది, 2 చాలు. నల్ల గోనెపట్టా పరిస్తే తడి పలచగా పరుచుకుని ఇంకా తొందరగా ఆవిరవుతుంది. కానీ ఉప్పు పేరుకుని తెల్లబడితే ఎండను వెనక్కి కొడుతుంది. రోజూ ఆ ఉప్పునీరు పారబోయాల్సిందే. ఇక అద్దం మీద వేలితో గీయండి. నల్లగా అంటిందా? రేవు పక్క గాలిలో బొగ్గు ధూళి తప్పదు, పొద్దున్నే తుడవాలి. లోపలివైపు జిడ్డున్నా, వాలు మరీ తక్కువైనా చుక్కలు జారకుండా మళ్లీ ఉప్పునీళ్లలోనే పడతాయి.

సముద్రపు గాలి లేచింది. అద్దం చల్లబడుతోంది, లోపలి నీరింకా కాగుతూనే ఉంది. ఆ తేడాయే ఆవిరిని నీరు చేసేది. చూడండి, చుక్కల వేగం పెరిగింది. అద్దం మీద నీళ్లు పారించి చల్లబరిచేవాళ్లూ ఉన్నారు. నీళ్లకోసం నీళ్లు పోయడం నాకైతే నచ్చదు.

చిలీ ఎడారిలో లాస్ సాలినాస్ గని దగ్గర 1872లోనే ఇలాంటి అద్దాల కింద రోజుకు 20 వేల లీటర్లకు పైగా పట్టారు, వేల చదరపు మీటర్లు పరిచి. మన డాబాకు ఆ ఆశ వద్దు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపాను కొట్టినప్పుడు కరెంటూ కుళాయీ రెండూ పోయిన ఊరిది. అలాంటి రోజున ఒక మనిషి తాగేపాటి నీరు, మిగతా రోజుల్లో ఇన్వర్టర్ బ్యాటరీకి పోసేపాటి నీరు ఈ పెట్టె ఇస్తుంది. ఫ్యాన్లూ రిఫ్లెక్టర్లూ తర్వాత చూద్దురుగాని, ముందు సీలెంటు ట్యూబు కొనండి.