పిల్లల మానసిక వైద్యం: ఆళ్లగడ్డ నుంచి ఎక్కడికి, ఎలా?

పదేళ్ల పిల్లవాడు రోజూ బడి వేళకు కడుపునొప్పి అంటాడు. అమ్మీ నజర్ తగిలిందని మిరపకాయలు దిగదుడుస్తుంది. అబ్బా తాయెత్తు కట్టిస్తాడు. ఆర్‌ఎంపీ ఒక సిరప్ ఇస్తాడు. నెలలు గడిచిపోతాయి. పిల్లల్లో దిగులు, భయం చాలాసార్లు ఇలా ఒంటి నొప్పులుగానే బయటపడతాయి. కాబట్టి వాటిని ముందుగా పసిగట్టగలిగేది దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) డాక్టరే.

ఈ ఆలోచనకు మూలం మన పక్కనే ఉంది. 1980ల్లో బెంగళూరు నిమ్హాన్స్ వారు బళ్లారి జిల్లాలో పీహెచ్‌సీ డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చారు. మానసిక జబ్బులకూ, మూర్ఛకూ (మన ఇళ్లల్లో మిర్గీ అంటాం) అక్కడికక్కడే మందులు ఇప్పించారు. ఆ నమూనాతోనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. అయితే అప్పట్లో చూపంతా పెద్దవాళ్ల జబ్బుల మీదే. పిల్లల వంతు ఆలస్యంగా వచ్చింది. 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (ఆర్‌బీఎస్‌కే) వచ్చింది. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా ఎదుగుదల లోపాలను కూడా పరీక్షించడం ఇందులో ఉంది. 2014లో వచ్చిన కిశోర స్వాస్థ్య కార్యక్రమం 10-19 ఏళ్ల వారి మానసిక ఆరోగ్యాన్ని చేర్చుకుంది. 2015-16 జాతీయ సర్వేలో 13-17 ఏళ్ల వారిలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది.

ఇందులో మన పిల్లలకు ఒక చిక్కుంది. ఆర్‌బీఎస్‌కే బృందాలు వెళ్లేది అంగన్‌వాడీలకు, ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకు. ప్రైవేటు స్కూల్లోనో, ఎయిడ్ లేని మదరసాలోనో చదివే పిల్లల్ని తల్లిదండ్రులే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

2022 ఏప్రిల్ 4 నుంచి ఆళ్లగడ్డ నంద్యాల జిల్లాలో ఉంది. ముందు పీహెచ్‌సీలోనో, ఆళ్లగడ్డ ప్రభుత్వ ఆసుపత్రిలోనో చూపించి, అవసరమైతే రిఫరల్ చీటీ అడిగి తీసుకోవాలి. నంద్యాల సుమారు 40 కిలోమీటర్లు. అక్కడ 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. ఇంకా పెద్ద సమస్యయితే కర్నూలు సర్వజన ఆసుపత్రి మానసిక వైద్య విభాగం ఉంది. కూలి మానుకుని అంత దూరం పోవడం పేదింటికి మాటలు కాదు. పై చికిత్స అక్కడ మొదలైనా, మందుల కొనసాగింపు ఊరి దగ్గరే జరగాలనడం అందుకే.

డాక్టరుకు నొప్పి ఒక్కటే చెబితే చాలదు. నిద్ర, తిండి, పక్క తడపడం, స్నేహితులకు దూరమవడం, చదువులో అకస్మాత్తుగా వెనకబడడం, ఇవి ఎప్పటినుంచో చెప్పాలి. చచ్చిపోతానని పిల్ల అంటే, అల్లరిగా కొట్టిపారేయకుండా ఆ రోజే చూపించాలి.

ఆడపిల్లయితే రేపు సంబంధాలు ఏమవుతాయోనన్న భయం ఇంట్లో ఉంటుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం వైద్య వివరాలు గోప్యంగా ఉంచాలి. దువాతో పాటు దవా తీసుకోవడానికి దీన్‌లో అడ్డేమీ లేదు. ఆసుపత్రికి వెళ్లేముందు ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే టెలి-మానస్ నంబరు 14416 ఉంది. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ ఉచిత సేవ 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.