చందమామ పాత సంచికల సేకరణ

తెలుగునాట బొమ్మల కథల పుస్తకాలు సేకరించేవారికి మొదట గుర్తొచ్చేది చందమామే. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పాఠకులకు ఇది సొంత జిల్లా మనిషి పెట్టిన పత్రిక కూడా. 1947 జులైలో చక్రపాణితో కలిసి మద్రాసులో దీన్ని ప్రారంభించిన బి. నాగిరెడ్డి (1912–2004) కడప జిల్లాలో పుట్టారు.

సేకర్తలు ఎక్కువగా వెతికేది కొడవటిగంటి కుటుంబరావు సంపాదకత్వం నాటి సంచికల కోసం. దాసరి సుబ్రహ్మణ్యం 'తోకచుక్క' మొదలైన సీరియళ్లు, చిత్రా బొమ్మలు, వడ్డాది పాపయ్య ముఖచిత్రాలు, శవాన్ని భుజాన వేసుకుని కత్తి చేతబట్టి నడిచే విక్రమార్కుణ్ణి గీసిన శంకర్ పనితనం ఆ కాలానివే. సీరియల్ మధ్యలో ఒక్క నెల సంచిక లేకపోతే కథ తెగిపోతుంది. దాని కోసం పాత పుస్తకాల కొట్లు గాలించడంలోనే అసలు సరదా ఉంది.

సంచికలను ఏడాదికోసారి బైండు చేయించడం చాలా ఇళ్లలో మామూలు. అట్టలు తీసేసి, అంచులు కోసి కుట్టిన బైండు చదువుకోవడానికి భేషుగ్గా ఉంటుంది గానీ, పాపయ్య అట్ట పోయిన సంచికకు సేకర్తల దగ్గర సగం పరువు పోయినట్టే. పిన్నుల తుప్పు, చెమ్మ, చెదలు మిగతా శత్రువులు.

2007లో యాజమాన్యం మారింది. తర్వాత కొన్నేళ్లకే పత్రిక ఆగిపోయింది.