టేపులో మిగిలిన కచేరీలు

1977 మే 8, ఆదివారం రాత్రి. న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథకా అనే ఊళ్ళో, కార్నెల్ యూనివర్సిటీ వాళ్ళ బార్టన్ హాల్లో గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ బృందం కచేరీ చేసింది. మే నెల అయినా బయట మంచు పడిందని వెళ్ళినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1965 నుంచి 1995 దాకా, ముప్పై ఏళ్ళలో ఈ బృందం 2,300కి పైగా కచేరీలు చేసింది. వాటిలో గొప్పది ఏదని అభిమానుల్ని అడగండి. చాలామంది నోట ముందు వచ్చే పేరు బార్టన్ హాల్. చిత్రమేమిటంటే, అలా చెప్పేవాళ్ళలో ఎక్కువమంది ఆ రాత్రి అక్కడ లేరు. కొందరు అప్పటికి పుట్టనే లేదు. వాళ్ళు విన్నది కచేరీని కాదు, టేపుని.

టేపు మీద ఇంత మోజెందుకు? ఈ బృందం పాటని ఒకరోజు వాయించినట్టు ఇంకోరోజు వాయించదు. ఒక పాట నాలుగు నిమిషాల్లో అయిపోవచ్చు, ఇరవై నిమిషాలు సాగి, మధ్యలో ఆగకుండా ఇంకో పాటలోకి జారిపోనూవచ్చు. అదే కృతి అయినా మొన్నటి కల్పనస్వరాలు ఇవాళ రావని తెలిసిన కర్ణాటక సంగీత శ్రోతలకి ఇది వేరే చెప్పక్కర్లేదు. స్టూడియోలో చేసిన ఆల్బమ్ ఒక రూపాన్ని మాత్రమే పట్టుకుంటుంది. మిగతా రూపాలన్నీ ఆ రాత్రితోనే పోతాయి, ఎవరో ఒకరు రికార్డు చేస్తే తప్ప.

మొదట్లో అభిమానులు దొంగచాటుగానే రికార్డు చేశారు. మైకు చొక్కాలో, మెషిను సంచిలో. 1970ల మొదట్లోనే న్యూయార్క్‌లో టేపులు మార్చుకునే క్లబ్బు ఒకటి మొదలైంది. 1974లో దాన్నుంచే ఒక చిన్న పత్రిక కూడా పుట్టింది. ఆ రోజుల్లో మామూలుగా రాక్ కచేరీల్లో టేప్‌రికార్డరు కనిపిస్తే లాక్కునేవాళ్ళు. ఈ బృందం మాత్రం చూసీ చూడనట్టు వదిలేసింది. వాయించడం అయిపోయాక ఇక అది విన్నవాళ్ళదే అన్నది బృందం గిటారిస్టు జెర్రీ గార్సియా అభిప్రాయం. రానురాను మైకు స్టాండ్లు సౌండ్ బోర్డుకి అడ్డంగా అడవిలా లేచేసరికి, 1984 అక్టోబరులో బర్క్‌లీ కచేరీల నుంచి టేపర్లకి బోర్డు వెనక వేరే జాగా, వేరే టిక్కెట్లు ఇవ్వడం మొదలుపెట్టారు.

ఈ వ్యవహారానికి ఒకటే నియమం: డబ్బు చేతులు మారకూడదు. కొత్తగా వచ్చినవాడి దగ్గర ఇవ్వడానికి టేపులేవీ లేవనుకోండి, ఖాళీ క్యాసెట్లూ తిరుగు తపాలాకి స్టాంపులూ పంపితే చాలు. అవతలివాడు ముక్కూమొహం తెలియకపోయినా కాపీ చేసి పంపేవాడు. తీసుకున్నవాడు రేపు ఇంకొకరికి చేసిపెట్టాలి. రాతపూర్వకంగా ఏమీ లేకుండా, నమ్మకం మీదే దేశమంతా నడిచిన గ్రంథాలయం అది.

అయితే కాపీకి కాపీ తీసినకొద్దీ సొద పెరుగుతుంది. అందుకే టేపు చేతికి రాగానే అడిగే మొదటి ప్రశ్న, ఇది ఎన్నో తరం కాపీ అని. తాళపత్ర ప్రతులకి పాఠాంతరాలు ఉన్నట్టే టేపులకీ ఉండేవి. తొంభై నిమిషాల క్యాసెట్‌కి ఒక వైపు నలభై ఐదు నిమిషాలే. గిటారు పైకి ఎక్కుతుండగా సరిగ్గా అక్కడే టేపు అయిపోయేది. తిప్పిపెట్టేలోపు కొంత పోయేది. కొన్నేళ్ళు అలాగే విన్నవాళ్ళకి ఆ గండి కూడా పాటలో భాగమైపోయింది. తర్వాత పూర్తి రికార్డింగు దొరికినా, పాత చోటు రాగానే చెవి ఆగుతుంది. జనంలోంచి తీసిన టేపుల్లో ఎవరి దగ్గో, ఎవరి కేకో కూడా వినిపిస్తుంది. ఆ మనిషెవరో తెలియదు. కానీ టేపు విన్నవాళ్ళందరికీ ఆ గొంతు పరిచయం.

బార్టన్ హాల్ విషయానికొస్తే, దాని కీర్తిలో సగం బెట్టీ కాంటర్ జాక్సన్‌ది. కచేరీల సౌండ్ పనిలో ఆడవాళ్ళు అరుదైన కాలంలో ఆమె బృందానికి రికార్డింగ్ ఇంజనీరు. ఆమె టేపుల్లో ఏ వాయిద్యానికావాయిద్యం విడిగా, శుభ్రంగా వినిపిస్తుంది. తర్వాతి కాలంలో ఆమెకి చేతిలో డబ్బు లేక, టేపులు దాచిన గోదాముకి అద్దె కట్టలేకపోయింది. 1986లో వాటిని వేలం వేసేశారు. కొన్నవాళ్ళ ద్వారా కాపీలు అభిమానుల్లోకి వచ్చాయి. 1977 వసంతం గొప్పదన్న మాట బాగా బలపడింది అప్పటినుంచే. 2012లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఈ కచేరీని జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చినట్టు ప్రకటించింది. బృందం పేరుతో అధికారికంగా ఆల్బమ్‌గా వచ్చింది మాత్రం 2017లోనే, అంటే నలభై ఏళ్ళకి.

ఇక్కడే ఒక సందేహం. ఆ కచేరీ నిజంగా అంత గొప్పదా, టేపు అంత బాగుందా? మర్నాడు బఫెలోలో వాయించినదే ఇంకా బాగుందని వాదించే అభిమానులూ ఉన్నారు. మంచి టేపు లేని రాత్రుల సంగతి అడిగేవాళ్ళే లేరు. చరిత్ర ఎప్పుడూ ఇంతే కదా, దొరికిన ప్రతుల మీద నిలబడుతుంది. ఆ రోజు హాల్లో ఉన్నవాళ్ళ పరిస్థితి ఇంకా విచిత్రం. టేపుని వందసార్లు విన్నాక, తమకి గుర్తున్నది ఆ రాత్రో ఆ టేపో వాళ్ళే విడదీసి చెప్పలేరు. టేపు పాటని దాచింది. చలినీ, పక్కన నిలబడ్డవాళ్ళనీ దాచలేదు. టేపు ఇవ్వలేని ఆ మంచుని వాళ్ళు అంత గట్టిగా పట్టుకుని చెప్పడం అందుకే కావచ్చు.

ఇవన్నీ ఎవరి సొత్తు అన్న ప్రశ్న 2005 నవంబరులో బయటపడింది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా ఉన్న వేల కచేరీల డౌన్‌లోడ్లని బృందం కోరిక మీద ఆపేశారు. అభిమానులు భగ్గుమన్నారు. బృందంలోని ఫిల్ లెష్ కూడా తనకీ నిర్ణయం ముందు తెలియదన్నాడు. కొద్దిరోజుల్లోనే రాజీ కుదిరింది: జనంలోంచి తీసిన టేపులు మళ్ళీ దించుకోవచ్చు, సౌండ్ బోర్డువి మాత్రం అక్కడే వినాలి.

చట్టం ప్రకారం సంగీతం బృందానిదే. దాన్ని ఎవరూ కాదనలేదు. కానీ మైకు పట్టుకుని రెండు గంటలు చప్పట్లు కొట్టకుండా కూర్చున్నవాడూ, రాత్రిళ్ళు కాపీలు తీసి తపాలాలో వేసినవాడూ లేకపోతే ఆ కచేరీల్లో ఎన్ని ఇవాళ మన చెవిదాకా వచ్చేవి? బృందం దగ్గర కట్టుదిట్టంగా దాచిన రీళ్ళున్నాయి, నిజమే. వాటిని వినాలన్న ఆకలి ఇంతమందిలో పుట్టించింది మాత్రం సొద నిండిన ఆ క్యాసెట్లే.