మాలింట్లో మగ్గం గుంత

మన చరిత్ర మనమే – 17వ భాగం



పోయిన ఆదివారం మా అమ్మను, మా ఇంటామెను, నాలుగో తరగతి చదివే బిడ్డను తీసుకుని భూదాన్ పోచంపల్లి వెళ్లాను. 2016లో జిల్లాలు చీల్చేదాకా అది మా నల్లగొండదే. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామంగా ఎంపిక చేసిన ఊరు. అక్కడి చేనేత మ్యూజియం చూడాలని బిడ్డ, చీర కొనాలని ఇంటామె.

బిడ్డకు ఇక్కత్ సంగతి చెప్పాను. బట్ట నేశాక అద్దకం వేయరు. నేయకముందే పోగుల్ని కట్లు కట్టి రంగులో ముంచుతారు. కట్టు ఉన్నచోట రంగు అంటదు. అంతకుముందు ఆసు పోయాలి. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. ఆ పని ఇంట్లో ఆడవాళ్లది. తల్లి భుజం నొప్పి చూడలేక ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారు చేశాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఇంతలో అమ్మ గుంట మగ్గం దగ్గర ఆగిపోయింది. "ఇసొంటి గుంత మా నాయన ఇంట్ల ఉండె. నేను పుట్టేటాలకే మగ్గం లేదు. గుంతల కోడిపిల్లల్ని కమ్మేటోళ్లం" అంది.

బిడ్డ అడిగింది: "నానమ్మా, అయితే మీరు సాలోళ్లా?"

"కాదు బిడ్డా. మాలోళ్లం. నేసినోళ్లం."

నేను తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసినవాణ్ణి. మా తాత ఇంట్లో మగ్గం గుంత ఉందని నాకు ముప్పై ఆరేళ్లకు తెలిసింది!

అమ్మ చెప్పింది మా ఒక్క ఇంటి ముచ్చట కాదు. 1909లో అచ్చయిన ఎడ్గార్ థర్‌స్టన్ ఏడు సంపుటాల కులాల పుస్తకం తీయండి. మాలలు ముతక తెల్ల నూలుబట్ట నేస్తారని ఉంటుంది. ఆ పుస్తకం మద్రాసు రాజ్యం గురించి అంటారా? అయితే మన ఎస్సీ కులాల జాబితా తీయండి. అందులో "మాల సాలె, నేతకాని" అని ఉంది. సాలె అంటే నేతగాడు. మన పూర్వీకుల వృత్తి సర్కారు కాగితం మీదే ఉంది. రోజూ కుల ధ్రువపత్రాల కోసం తిరిగే మనమే దాన్ని చదవలేదు.

నేను మ్యూజియాన్ని తప్పుపట్టడం లేదు. అది ఇక్కత్ కథ చెబుతుంది. ఆ విద్య చీరాల వైపు నుంచి పోచంపల్లికి వచ్చి వందేళ్లు దాటింది. పద్మశాలి అన్నదమ్ములు దాన్ని నెత్తురు ధారపోసి నిలబెట్టారు. వాళ్ల ఆకలి నాకు తెలుసు. నా ప్రశ్న వేరే. చేనేత అనగానే జరీ అంచు చీరే ఎందుకు గుర్తొస్తుంది? కూలోడి గోచి, కాపోడి దుప్పటి నేసిన చేతులు ఎందుకు గుర్తురావు? చీర పెట్టెలో దాగి తరాలు బతుకుతుంది. ముతక బట్ట చెమటలో నాని, చిరిగి, చివరికి మసిగుడ్డ అవుతుంది. అందుకే మ్యూజియందాకా రాదు. నేసినోడు అంటరానివాడు కాబట్టి పుస్తకందాకా కూడా రాలేదు.

మిల్లు నూలు, మిల్లు గుడ్డ ఊళ్లకు వచ్చాక ఆ మగ్గాలు పడిపోయాయి. మగ్గం పోతే మిగిలింది కూలి, వెట్టి. అప్పుడు అడగాల్సింది ఒక్కటే: భూమి. అడిగిన చోటు కూడా ఇదే పోచంపల్లి.

1951 ఏప్రిల్ 18. సాయుధ పోరాటం ఇంకా ఆరని రోజులు. వినోబా భావే ఈ ఊరికి వచ్చాడు. దళితవాడలో నలభై కుటుంబాలు 80 ఎకరాలు అడిగాయి, సగం తరి, సగం ఖుష్కి. లెక్క వేయండి, ఇంటికి రెండెకరాలు. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. భూదానోద్యమం పుట్టింది, ఊరి పేరే మారింది. మన పాఠాల్లో ఇచ్చినాయన పేరుంది, పుచ్చుకున్న మహాత్ముడి పేరుంది. అడిగినవాళ్లు మాత్రం "నలభై హరిజన కుటుంబాలు". ఆ అడగడమే లేకపోతే ఆ దానం ఎక్కడిది? దాన్ని "దానం" అన్నారు కాబట్టి మనం చేయి చాచినవాళ్లమయ్యాం. "హక్కు" అని ఉంటే చరిత్రను మొదలుపెట్టినవాళ్లం అయ్యేవాళ్లం.

మగ్గం విషయంలో మన పేరు పోయింది. భూమి విషయంలో మన నోరు పోయింది. రెండూ ఒకే ఊళ్లో, ఒకే పూటలో కనబడ్డాయి.

తిరుగు బస్సులో బిడ్డ నోటుబుక్కు తీసి గుంత బొమ్మ గీసింది. అందులో కోడిపిల్లలు కూడా ఉన్నాయి. కింద ఏం రాయాలని అడిగితే, "మా తాత మగ్గం అని రాయి" అంది అమ్మ. మా తాత పేరు కూడా రాయించింది.

విద్యార్థి మిత్రులకు ఒక పని. ఈ పండక్కి ఇంటికి పోతే మీ అవ్వను, తాతను కూర్చోబెట్టి అడగండి: మనింట్లో గుంత ఉండేదా? లందలో తోళ్లు ఊనింది ఎవరు? మోట బొక్కెన కుట్టింది ఎవరు? వాళ్ల పేర్లతో సహా రాసి పెట్టుకోండి. వాళ్లు పోయాక ఏ లైబ్రరీలోనూ దొరకవు.

వచ్చే భాగం మోట బొక్కెన మీద, మాదిగ చేతి నీళ్లు తాగి పండిన పాలమూరు పొలాల మీద.

జై భీమ్.