కులం గడిలో క్రైస్తవులు: నేటాల్ తెలుగు కూలీల క్రిస్మస్

మా పల్లెలో సంక్రాంతి కన్నా పెద్ద పండుగ క్రిస్మస్. హైదరాబాదులో తాపీ పనికి పోయినవాళ్లు, బెంగుళూరులో బిల్డింగుల కాడ వాచ్‌మెన్లుగా ఉన్నవాళ్లు ఇరవై నాలుగో తేదీ చీకటిపడేలోగా ఎలాగో ఒకలా ఇల్లు చేరతారు. చేరలేనివాళ్ల ఇళ్లలో పండుగ సగమే. పరిశోధన కోసం మేము ఊరు విడిచిన మొదటి ఏడు మా పండుగ హాస్టలు గదిలోనే గడిచింది. నలుగురం కలిసి కరెంటు స్టవ్వు మీద కోడికూర వండుకుని, గొంతు తగ్గించి రెండు కీర్తనలు పాడుకున్నాం. గొంతు ఎందుకు తగ్గించామంటే, మా సర్టిఫికెట్లలో మేము క్రైస్తవులం కాదు. ఈ సంగతికి మళ్లీ వస్తాం.

ఇప్పుడు రాస్తున్నది మాకన్నా చాలా దూరం పోయి, పండుగకు తిరిగి రాలేకపోయినవాళ్ల గురించి. 1860 అక్టోబరులో మద్రాసు రేవు నుంచి 'ట్రూరో' అనే ఓడ బయలుదేరి నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా, మధ్యలో కొన్నేళ్లు ఆగినా, 1,52,000 మందికి పైగా మన దేశపు కూలీలు అయిదేళ్ల ఒప్పందం మీద నేటాల్‌కు పోయారు. వాళ్లలో మూడింట రెండు వంతుల దాకా మద్రాసు ఓడల్లో ఎక్కినవాళ్లే. అరవవాళ్లతో పాటు విశాఖపట్నం, గోదావరి, నెల్లూరు, చిత్తూరు ప్రాంతాల తెలుగువాళ్లు కూడా అందులో ఉన్నారు.

ఆ ఓడల పట్టీలు ఇప్పటికీ ఉన్నాయి. ప్రతి మనిషికీ ఒక నంబరు. తర్వాత పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద మచ్చలు. వీటి మధ్యలో కులం అనే గడి ఒకటి. అందులో ఒకచోట మాల అని, ఇంకోచోట పరయ అని ఉంటుంది. మరికొన్ని పేర్ల ఎదురుగా అదే గడిలో 'క్రిస్టియన్' అని ఉంటుంది. గుమాస్తాకు అది చిన్న సౌకర్యం. ఒక మాట రాస్తే ఇంకో మాట అడగక్కర్లేదు. మన చరిత్రకు మాత్రం ఆ సౌకర్యం చాలా నష్టం చేసింది. దళితుల వలస చరిత్ర రాసేవాళ్లు కులం గడి చూసి వీళ్లను లెక్కలో వేసుకోరు. చర్చి చరిత్ర రాసేవాళ్లు వీళ్ల ఆత్మల లెక్క రాస్తారు గాని, వీళ్ల తాతలు ఎవరి కళ్లంలో వెట్టి చేశారో రాయరు.

ఒంగోలు, నెల్లూరు సీమల్లో క్రైస్తవం ఎవరి మతమో కొంత చెప్పుకోవాలి. అమెరికన్ బాప్టిస్టులు నెల్లూరులో చాలా ఏళ్లు పనిచేసినా పెద్దగా ఎవరూ చేరలేదు. 1866లో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ బాప్తిస్మం పుచ్చుకున్నాక కథ మారింది. ఒంగోలులో ఉన్న జాన్ క్లౌ దొర కొత్తగా చేరేవాళ్లకు పెట్టిన షరతులు మూడు: ఆదివారం పనికి పోవద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. చదవడానికి ఇవి మతం మాటల్లాగా కనిపిస్తాయి. పల్లెలో ఇవి పని మాటలు. ఆదివారం పనికి రానన్న మాదిగను ఏ రైతూ ఒప్పుకోలేదు. జాతరలో డప్పు కొట్టనన్నవాళ్లకు ఊరి బావి నీళ్లు ఆపారు, పనులు ఆపారు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ పనిలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు క్లౌ దొర తీసుకున్నాడు. తిండి కోసం మతం మారారన్న నింద రాకుండా కరువు పని జరిగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపాడు. ఆ తర్వాత 1878 జులై 3న ఒక్కరోజే గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అయినా 'బియ్యం క్రైస్తవులు' అనే ఎగతాళి పోలేదు. అది వేరే సంగతి.

ఇక్కడ క్రిస్మస్ అంటే ఏమిటో గుర్తించాలి. ఊరి జాతరలో మాదిగ లేకపోతే పని జరగదు. దున్నను నరికేది అతను, డప్పు కొట్టేది అతను, ఎంగిలి మోసేది అతను. కాని జాతర అతనిది కాదు. పిలిస్తే రావాలి, పొమ్మంటే పోవాలి. క్రిస్మస్ నాడు మాత్రం ఎవరూ పిలవరు, ఎవరికీ కబురు చెయ్యక్కర్లేదు. పల్లెలోనే పందిరి, పల్లెలోనే పాట, పల్లెలోనే విందు. ఊరివాళ్లు వస్తే చుట్టాల్లాగా రావాల్సిందే. మన పెద్దలు ఆ పండుగను అంత గట్టిగా పట్టుకోవడానికి బైబిలు ఒక్కటే కారణం కాదని మేము అనుకుంటున్నాం. డప్పును పూర్తిగా వదిలెయ్యమనడంలో మిషనరీలు ఒక కళను కూడా వదిలించారు. ఆ అప్పు ఇంకా తీరలేదు.

ఇలాంటి జనంలో కొందరు నేటాల్ చేరారు. డర్బన్‌కు ఉత్తరాన స్టాంగర్ దగ్గర కియర్స్నీ అనే తేయాకు ఎస్టేటు ఉండేది. యజమాని సర్ లీజ్ హ్యూలెట్. కాఫీ తోటలు దెబ్బతిన్నాక 1877లో అస్సాం విత్తనాలు తెప్పించి తేయాకు వేసినవాడు. మెథడిస్టు సంఘంలో పెద్దమనిషి, ప్రసంగాలు కూడా చేసేవాడు. అతని తోటలో ఆకు గిల్లింది మన ఆడవాళ్లు, మగవాళ్లు. ఒప్పందం ప్రకారం మగవాడికి మొదటి ఏడు నెలకు 10 షిల్లింగులు, ఏటా ఒక షిల్లింగు పెరిగి అయిదో ఏటికి 14. ఆడమనిషికి సగం కూలి, సగం రేషను. ఎస్టేటు హద్దు దాటాలంటే చేతిలో చీటీ ఉండాలి. చీటీ లేకుండా బయట దొరికితే జైలు. ఒప్పందంలో ఆదివారం సెలవు ఉంది. ఒంగోలులో తిట్లు, దెబ్బలు తిని సంపాదించుకున్న ఆదివారం ఇక్కడ కాగితం మీద వచ్చింది. మిగిలిన ఆరు రోజులూ ఆ కాగితానికే అమ్ముడుపోయాయి.

ఈ తెలుగు బాప్టిస్టులు తోట యజమాని చర్చిలో వెనక బల్ల మీద కూర్చుని సరిపెట్టుకోలేదు. తమ భాషలో చెప్పే మనిషిని పంపమని ఇంటికి, నెల్లూరు సంఘాలకు కబురు పెట్టారు. అక్కడి తెలుగు సంఘాల వాళ్లు తమ హోం మిషన్ సొసైటీ తరఫున జాన్ రంగయ్యను పంపారు. పంపింది అమెరికా మిషను కాదు, తెలుగువాళ్ల సొసైటీ. పాఠకులు ఈ మాట దగ్గర కాస్త ఆగాలి. పల్లెల్లో పిడికిలి బియ్యం ఎత్తి సంఘం నడుపుకునే జనం, సముద్రం అవతల ఉన్న తమవాళ్ల కోసం ఒక కుటుంబాన్ని పంపారు. రంగయ్య భార్యాపిల్లలతో 1903 మధ్యలో నేటాల్ చేరాడు. ఆ ఏడు ముగిసేలోగా కియర్స్నీలో తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది.

కాబట్టి 1903 క్రిస్మస్ కియర్స్నీ తెలుగువాళ్లకు తమ సొంత పాస్టరుతో వచ్చిన మొదటి క్రిస్మస్. రంగయ్య కుటుంబానికి ఇల్లు వదిలాక మొదటిది. నెల్లూరులో డిసెంబరు అంటే చలి, తెల్లారుజామున మంట కాచుకోవడం. అక్కడ డిసెంబరు నడివేసవి, తేయాకు చిగురు వేసే కాలం, పని ఎక్కువ. నెల్లూరులో క్రిస్మస్ వెనకే కోతలు వస్తాయి. ఇక్కడ గింజ మనది కాదు, రేషను గింజే. పాడుకోవడానికి మాత్రం తెలుగు కీర్తనలున్నాయి. కర్ణాటక రాగాల్లో కట్టిన ఆ కీర్తనలు చాలామంది నోటికి నేర్చినవే. చదువు రానివాళ్లు సముద్రం దాటించగలిగిన ఆస్తి అదొక్కటే. రంగయ్య ఒప్పందం మీద వచ్చిన కూలీ కాదు, స్వతంత్రంగా వచ్చినవాడు. ఎస్టేటు నుంచి ఎస్టేటుకు తిరగగల మనిషి. కూలి లైన్లలో కట్టుబడిపోయినవాళ్లకు అలాంటి మనిషి, పక్క తోటలో తమవాళ్లున్నారన్న కబురు కూడా తెస్తాడు. రంగయ్య 1915లో చనిపోయేదాకా నేటాల్‌లోనే పనిచేశాడు.

ఆ దేశంలో తెల్లవాళ్లు 'కూలీ క్రిస్మస్' అనే మాట వాడేవాళ్లు. అది ఈ క్రిస్మస్ గురించి కాదు. మొహర్రం, అంటే మన పీర్ల పండుగ గురించి. ఆ పండుగకు ఎస్టేటు కూలీలకు సెలవు దొరికేది. హిందువులు, ముస్లింలు అని లేకుండా అందరూ తాబూతుల వెంట, పులివేషాల వెంట వీధుల్లోకి వచ్చేవాళ్లు. మన పల్లెల్లో పీర్లెత్తే మాల, మాదిగలకు అది కొత్తేమీ కాదు. తెల్లవాడి లెక్క మాత్రం చూడండి. క్రిస్మస్ తనది, కూలీకి ఉన్నది 'కూలీ క్రిస్మస్'. కూలీ అయి ఉండి నిజంగానే క్రీస్తు పుట్టుక పండుగ చేసుకునేవాడికి ఆ భాషలో చోటే లేదు.

మనవాళ్ల భాషలో ఉందా? గాంధీ ఆత్మకథలో 1898 నాటి డర్బన్ ఇంటి ముచ్చట ఒకటి ఉంది. ఆ ఇంట్లో ఉన్న ఒక గుమాస్తా క్రైస్తవుడు, పంచమ తల్లిదండ్రులకు పుట్టినవాడు. గదుల్లో మూత్రపు కుండలుండేవి. కొత్తగా వచ్చిన ఆ గుమాస్తా కుండ ఎత్తడానికి కస్తూరిబాయికి మనసు ఒప్పలేదు. గాంధీ కోపంతో ఆమె చెయ్యి పట్టి గేటు దాకా లాక్కుపోయాడు. తర్వాత సిగ్గుపడ్డానని ఆయనే రాశాడు. ఈ కథను గాంధీ పశ్చాత్తాపం గురించో, ఆమె ఓర్పు గురించో చెప్పుకుంటారు. ఆ గుమాస్తా పేరు ఆ అధ్యాయంలో లేదు. ఆ అరుపులు ఆ గదిలో అతనికి ఎలా వినిపించి ఉంటాయో ఎవరూ అడగలేదు. సముద్రం దాటినా, మతం మారినా, ఇంగ్లీషు చదివి ఉద్యోగం చేస్తున్నా, మనవాళ్ల ఇంట్లో అతని పుట్టుక గుర్తుంది. ఓడ గుమాస్తా కొట్టేసిన గడిని వంటింట్లో మళ్లీ నింపారు.

ఇదే రెండు నాలుకల లెక్క స్వతంత్ర భారతంలోనూ నడిచింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాలను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. మన దగ్గర క్రైస్తవంలోకి మారిన షెడ్యూల్డు కులాలవాళ్లకు బి.సి.-సి అని వేరే గది కట్టారు. కాగితం మీద క్రైస్తవుడికి అంటరానితనం లేదు. 1985లో కారంచేడులో మాదిగపల్లె మీద పడ్డ భూస్వాములు ఎవరు గుడికి పోతారు, ఎవరు చర్చికి పోతారు అని అడిగి గొడ్డలి ఎత్తలేదు. కారంచేడు అప్పటి ఒంగోలు మిషను సీమలోదే. అందుకే మా వాడల్లో చాలామందికి రెండు పేర్లు. చర్చి పుస్తకంలో ఒకటి, బడి రిజిస్టరులో ఒకటి. హాస్టలు గదిలో గొంతు తగ్గించి పాడడం అక్కడి నుంచి వచ్చిందే.

నేటాల్‌లో మరో దారి కూడా ఉండేది. ఓడ దిగాక 'నాయుడు' అనో ఇంకొకటనో పేరు తగిలించుకుని కులం దాటినవాళ్లున్నారు. వాళ్ల మనవలు ఇవాళ తెలుగు సభల్లో కనిపిస్తారు. క్రైస్తవ పేర్లు పెట్టుకున్నవాళ్ల మనవలు చర్చిలో ఇంగ్లీషులో పాడుకుంటున్నారు. అప్పుడప్పుడు ఎవరో ఒకరు ముత్తాత నంబరు, పట్టీ నకలు పట్టుకుని ఇటు వస్తారు. కాగితంలో జిల్లా ఉంటుంది, తాలూకా ఉంటుంది, ఊరుంటుంది. కులం గడిలో 'క్రిస్టియన్' అని ఉంటుంది. బస్సు దిగి ఊరి మొగలో అడిగితే, అక్కడ కూర్చున్న పెద్దమనుషులు కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "ఏ పల్లెకు పోవాల? మాలపల్లెకా, మాదిగపల్లెకా?" అంటారు.