పుస్తకం పక్కన ఉలి

మా బందరు (మచిలీపట్నం)లో ఏ.జె. కళాశాల అంటే ఆటో అబ్బాయి దారి అడక్కుండా తీసుకెళ్తాడు. ఆ రెండక్షరాలు విప్పితే ఆంధ్ర జాతీయ కళాశాల. అందులో ‘జాతీయ’ అన్న మాట కోసం ఒకప్పుడు కుర్రాళ్లు సర్కారు ఉద్యోగం మీద ఆశ వదులుకుని ఇక్కడ చేరారు.

1906లో కలకత్తా కాంగ్రెస్ జాతీయ విద్య కావాలని తీర్మానించింది. మరుసటి ఏడు బిపిన్ చంద్రపాల్ బందరు వచ్చి మాట్లాడారు. ఆ వేడి చల్లారకముందే కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య నడుం కట్టారు. 1910లో కళాశాల తెరుచుకుంది. కృష్ణారావుగారికి కృష్ణాపత్రిక ఉంది, పట్టాభిగారికి వైద్యం ఉంది. హనుమంతరావుగారు మాత్రం ప్లీడరు చదువు పక్కన పెట్టేసి కళాశాలనే బతుకు చేసుకున్నారు. 1922లో, నలభై దాటిన కొత్తల్లోనే కన్నుమూశారు. ముగ్గురిలో ఆయన్నే మా ఊరు తక్కువగా తలుచుకుంటుంది. నాకది కష్టంగా ఉంటుంది.

అప్పటికే ఊళ్లో నోబుల్ కాలేజీ ఉంది. అక్కడ చదివితే యూనివర్సిటీ పట్టా, పట్టాతో కచేరీలో కుర్చీ. జాతీయ కళాశాల చదువుకు దొరతనం గుర్తింపు లేదు. ఇక్కడ పుస్తకాలతో పాటు వడ్రంగం, నేత, యంత్రాల పని, చిత్రలేఖనం నేర్పేవారు. వడ్రంగం వడ్రంగులది, మగ్గం సాలీలది అనుకునే రోజులవి. చదువుకోమని పంపిన కొడుకు చేతులకు కాయలు కాసి సెలవులకు ఇంటికొస్తే ఆ తల్లి ఏమనుకునేదో!

చేతిపని చదువెలా అవుతుందని అడిగేవాళ్లను నేను దగ్గర్లోని పెడన తీసుకెళ్తాను. అక్కడ కలంకారీ అచ్చు చెక్కే మనిషి పక్కన ఒక పూట కూర్చుంటే చాలు. టేకు చెక్క మీద పువ్వు గీత గీసి, గీత చెడకుండా చుట్టూ కొయ్యను సన్నటి ఉలితో తొలుస్తాడు. పక్క షెడ్డులో బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము నానేసి నల్లరంగు తీస్తారు. కరక్కాయ పట్టించిన బట్ట మీద ఆ నీళ్లు తగిలితేనే నలుపు తేలుతుంది. అందులో రసాయనశాస్త్రం ఉంది, లెక్క ఉంది, ఓర్పు ఉంది.

ఈ కళాశాలలో పాఠాలు చెప్పినవాళ్లలో మా దిగువ కృష్ణకే చెందిన భట్లపెనుమర్రు పింగళి వెంకయ్య ఒకరు. పత్తి సాగు మీద చేసిన కృషికి జనం ఆయన్ను పత్తి వెంకయ్య అన్నారు. 1916లో జాతీయ జెండా నమూనాలతో పుస్తకం అచ్చువేశారు. 1921 ఏప్రిల్‌లో గాంధీజీ ‘యంగ్ ఇండియా’లో ఆ పుస్తకాన్ని తలుచుకుంటూ, వెంకయ్యను మచిలీపట్నం నేషనల్ కాలేజీ మనిషిగానే పరిచయం చేశారు. జెండా చరిత్రలో మా కళాశాల చిరునామా అలా పడింది.

చిత్రలేఖనం నేర్పడానికి బెంగాల్ నుంచి ప్రమోద్ కుమార్ చటర్జీ వచ్చారు. ఆయన దగ్గర కుంచె పట్టినవాళ్లలో అడివి బాపిరాజు ఉన్నారు. మనకు ఆయన ‘నారాయణరావు’ నవలాకారుడిగా తెలుసు. బందరులో మాత్రం ముందు శిష్యుడు. తర్వాత ఆయనే తిరిగొచ్చి ఈ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేశారు.